ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో బ్యాకప్: ఏ పద్ధతి, ఏ డ్రైవ్ మీకు సరిపోతుంది?

బ్యాకప్ కోసం డ్రైవ్ కొనబోయే వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: హార్డ్ డిస్క్ తీసుకోవాలా, చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ తీసుకోవాలా? దానికి జవాబు కింద చెప్తాను. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. రేపు ఏదైనా జరిగితే మీకు తిరిగి కావాల్సింది ఏమిటి? పొరపాటున డిలీట్ అయిన ఒక్క ఫైలా? నిన్నటి దాకా బాగుండి ఇవాళ పాడైన డాక్యుమెంట్ పాత రూపమా? లేక సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులతో సహా కంప్యూటర్ మొత్తమా? ఈ మూడు అవసరాలకు వేర్వేరు పద్ధతులున్నాయి. ఒక అవసరానికి చేసుకున్న బ్యాకప్ ఇంకో అవసరానికి అక్కరకు రాకపోవచ్చు. ఎంత ఖరీదైన డ్రైవ్ కొన్నా ఆ లోటు తీరదు. అందుకే ముందు పద్ధతి, ఆ తర్వాతే డ్రైవ్.

కాపీ-పేస్ట్ ఎక్కడి దాకా పనికొస్తుంది

ఇక మారే పని లేని ఫైళ్లకు కాపీ-పేస్ట్ చక్కగా సరిపోతుంది. పాత ఫోటోలు, వీడియోలు, స్కాన్ చేసి పెట్టుకున్న కాగితాలు, ముగిసిపోయిన ప్రాజెక్టులు ఇలాంటివే. డ్రైవ్‌లోకి ఒకసారి కాపీ చేసి, అక్కడి నుంచే కొన్ని ఫైళ్లు తెరిచి చూసుకుంటే పనైపోయినట్టే. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకుంటాయి.

చిక్కంతా రోజూ మారే ఫైళ్లతోనే. ఒక ఫోల్డర్‌ను పోయిన నెల కాపీ చేశారు, ఈ నెల మళ్లీ చేస్తున్నారు అనుకోండి. అవే పేర్లతో ఫైళ్లు అక్కడ ఉన్నాయి, రీప్లేస్ చేయాలా, స్కిప్ చేయాలా అని విండోస్ అడుగుతుంది. స్కిప్ నొక్కితే ఈ నెలంతా చేసిన మార్పులు డ్రైవ్‌లోకి వెళ్లవు. రీప్లేస్ నొక్కితే పోయిన నెల కాపీ పోతుంది. ఈలోగా ఆ ఫైల్ పాడైపోయి ఉంటే, బాగున్న కాపీ మీద పాడైన కాపీని మన చేత్తో మనమే ఎక్కించినట్టవుతుంది. దీనికి విరుగుడుగా కొందరు ప్రతిసారీ తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ పెట్టి అన్నీ మళ్లీ కాపీ చేస్తారు. మంచి అలవాటే. కాకపోతే డేటా 200 జీబీ ఉంటే ఐదోసారికి 1 టీబీ డ్రైవ్‌లో చోటు చాలదు. పైగా ఆ ఓపిక ఎన్నాళ్లుంటుందన్నది కూడా చూసుకోవాలి. మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సిన బ్యాకప్, పని ఎక్కువున్న వారంలోనే ఆగిపోతుంది. ఫైళ్లు ఎక్కువ మారేది కూడా ఆ వారంలోనే.

కంటికి కనిపించని ఫైళ్ల సంగతి వేరే ఉంది. బ్రౌజర్ బుక్‌మార్కులు, కొన్ని మెయిల్ ప్రోగ్రాముల డేటా, చాలా సాఫ్ట్‌వేర్ల సెట్టింగులు విండోస్‌లో యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మాత్రమే కాపీ చేసుకుంటే అవి రావు. వన్‌డ్రైవ్ వాడేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. ఫైల్ పక్కన మేఘం గుర్తు ఉందంటే మీ కంప్యూటర్‌లో ఉన్నది పేరు మాత్రమే, అసలు ఫైల్ ఇంటర్నెట్‌లో ఉంది. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమనే ఆప్షన్ ఎంచుకుని, అన్నీ డౌన్‌లోడ్ అయ్యాక బ్యాకప్ మొదలుపెట్టండి.

మిర్రర్ పద్ధతి

విండోస్‌లో రోబోకాపీ, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఆర్‌సింక్ అనే ప్రోగ్రాములు ఈ కోవకు చెందినవి. కమాండ్లతో పనిచేసే అలవాటున్నవాళ్లకు బాగా నచ్చుతాయి. మొదటిసారి అన్నీ కాపీ చేస్తాయి, రెండోసారి నుంచి మారినవే చేస్తాయి కాబట్టి గంటల పని నిమిషాల్లో అయిపోతుంది.

అయితే మిర్రర్ అంటే ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే ఉండాలని అర్థం. ఇక్కడ ఒక ఫోల్డర్ డిలీట్ చేసి, ఆ సంగతి గమనించకుండా మిర్రర్ నడిపితే డ్రైవ్‌లో కూడా అది పోతుంది. కమాండ్‌లో ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్న రెండు చిరునామాలూ తారుమారైతే ఇంకా ఘోరం. ఖాళీ డ్రైవ్‌ను చూసి మీ అసలు ఫోల్డర్‌ను ఖాళీ చేసేస్తుంది. రోబోకాపీలో మిర్ అనే స్విచ్‌కు (కమాండ్‌లో అదనంగా చేర్చే మాటకు), ఆర్‌సింక్‌లో డిలీట్ అనే ఆప్షన్‌కు ఈ గుణం ఉంది. అవి లేకుండా వాడితే కొత్తవి చేరతాయి గానీ పాతవి చెరిగిపోవు. ఎలా వాడినా, ముందు ఉత్తుత్తిగా ఒకసారి నడిపి ఏమేం చేయబోతుందో జాబితా చూసుకోండి. రోబోకాపీలో ఎల్ స్విచ్, ఆర్‌సింక్‌లో డ్రై రన్ ఉన్నది అందుకే. ఫైళ్లను డ్రైవ్‌లో మామూలు రూపంలోనే చూసుకోవాలి, వేగంగా కూడా అవ్వాలి అనుకునేవాళ్లకు ఇది బాగుంటుంది. కానీ పాత రూపాలను దాచిపెట్టదు కాబట్టి, ఉన్న ఒక్క బ్యాకప్ ఇదే కాకూడదు.

పాత రూపాలను దాచే బ్యాకప్

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్, లినక్స్‌లో డేజా డూప్ లాంటివి ఈ పని చేస్తాయి. డ్రైవ్ తగిలించి ఉన్నంతసేపూ వాటంతటవే నడుస్తాయి, మారిన ఫైళ్లను తీసుకుంటాయి, పాత వాటిని చెరపకుండా పక్కన ఉంచుతాయి.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఫైళ్లు పోయేది డిస్క్ చెడిపోవడం వల్ల మాత్రమే కాదు. ఒక పెద్ద డాక్యుమెంట్‌లో పది పేజీలు పొరపాటున చెరిపి, సేవ్ చేసి, మూసేస్తాం. మూడు వారాల తర్వాత గానీ సంగతి తెలియదు. ఈలోగా కాపీ-పేస్ట్ చేసి ఉంటే డ్రైవ్‌లోనూ ఆ పది పేజీలు లేని ఫైలే ఉంటుంది. ఫైల్ హిస్టరీ ఉంటే ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి పాత వెర్షన్ల జాబితా తెరవచ్చు. తేదీలవారీగా కనిపిస్తాయి. మూడు వారాల కిందటిది తెరిచి, ఆ పేజీలు తెచ్చుకోవచ్చు.

విండోస్ 8తో వచ్చిన ఈ ఫైల్ హిస్టరీ విండోస్ 11లోనూ ఉంది. కాకపోతే సెట్టింగ్స్‌లో వెతికితే దొరకదు, కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లాలి. సెట్టింగ్స్‌లో కనిపించే విండోస్ బ్యాకప్ వేరు, అది మీ డ్రైవ్‌లోకి కాదు, వన్‌డ్రైవ్‌లోకి పంపుతుంది. ఫైల్ హిస్టరీ మామూలుగా గంటకోసారి నడుస్తుంది, పాత రూపాలను ఎప్పటికీ ఉంచుతుంది. రెండింటినీ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. దానికి తెలిసిన ఫోల్డర్లు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే. డీ డ్రైవ్‌లో మీరు సొంతంగా పెట్టుకున్న ఫోల్డర్‌ను అది పట్టించుకోదు. ఆ ఫోల్డర్‌ను ఏదో ఒక లైబ్రరీలో (విండోస్ ఫోల్డర్లను కలిపి చూపే జాబితాలో) చేరిస్తేనే తీసుకుంటుంది. ఈ ఒక్క విషయం తెలియక, బ్యాకప్ నడుస్తోందన్న ధీమాతో ఉండి, అసలు ఫైళ్లే పోగొట్టుకునే ప్రమాదముంది. కాబట్టి ఆన్ చేసిన రోజే చూసుకోండి.

ఇంకో మంచి గుణం ఏమిటంటే, ఫైల్ హిస్టరీ ఫైళ్లను మూసిన పెట్టెలో పెట్టదు. డ్రైవ్‌లో ఫైల్‌హిస్టరీ అనే ఫోల్డర్ తెరిచి లోపలికి వెళ్తూ పోతే మీ ఫైళ్లు మామూలుగానే కనిపిస్తాయి. పేరు చివర బ్రాకెట్‌లో తేదీ, సమయం, యూటీసీ అని ఉంటాయి. యూటీసీ అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, అది మీ గడియారం చూపే సమయం కాకపోవచ్చు. ఏ వెర్షన్ కావాలో వెతికేటప్పుడు ఆ తేడా లెక్కలో పెట్టుకోండి. ప్రోగ్రామ్ పనిచేయకపోయినా, ఇంకో కంప్యూటర్‌లో అయినా, ఆ ఫోల్డర్‌లోంచి చేత్తో కాపీ చేసుకోవచ్చు.

మ్యాక్ వాడేవాళ్లు పెద్దగా ఆలోచించాల్సిన పనిలేదు. 2007 నుంచి ఉన్న టైమ్ మెషీన్ వాళ్లకు ఉన్నవాటిలో సులువైనది. చివరి 24 గంటలవి గంటకొకటి, చివరి నెలవి రోజుకొకటి, అంతకుముందువి వారానికొకటి చొప్పున ఉంచుతుంది. డ్రైవ్ నిండితే అన్నిటికంటే పాతవి తీసేస్తుంది. మ్యాక్ పోయి కొత్తది కొన్నా, మైగ్రేషన్ అసిస్టెంట్‌తో అకౌంట్లు, సాఫ్ట్‌వేర్లతో సహా అందులోకి ఎక్కించుకోవచ్చు. విండోస్‌లో ఇంత చక్కగా అన్నీ ఒకేచోట దొరకవు.

లినక్స్ వాళ్లకు ఒక్క మాట. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ ఆన్ చేసి నిశ్చింతగా ఉండకండి. అది సిస్టమ్ ఫైళ్ల కోసం ఉద్దేశించింది. మీరు ప్రత్యేకంగా చెప్తే తప్ప హోమ్ ఫోల్డర్‌ను తీసుకోదు.

డిస్క్ మొత్తానికి ఇమేజ్ ఎవరికి కావాలి

ఇమేజ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులు, ఫైళ్లు అన్నిటినీ కలిపి డిస్క్‌ను ఉన్నదున్నట్టు దాచుకోవడం. డిస్క్ చచ్చిపోతే కొత్తది వేసి, ఇమేజ్ ఎక్కిస్తే ఆ రోజు ఎలా ఉందో అలాగే లేస్తుంది. ఇన్‌స్టాల్ చేయడానికే రోజంతా పట్టే సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకు, ఒక్క పూట పని ఆగినా నష్టపోయేవాళ్లకు ఇది విలువైనది. బ్రౌజర్, ఆఫీస్ ప్రోగ్రాములు, ఫోటోలు అంతవరకే వాడేవాళ్లకు అంత అవసరం లేదు. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఫైళ్లు తెచ్చుకుంటే సరిపోతుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ 7 పేరుతో ఒక పాత సిస్టమ్ ఇమేజ్ టూల్ ఇంకా కనిపిస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు. దాని అభివృద్ధి ఆపేశామని, వేరే కంపెనీల ప్రోగ్రాములు వాడుకోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పింది. ఉచితంగా దొరికేవాటిలో క్లోనెజిల్లా, అదే పనిని మౌస్‌తో సులువుగా చేసుకోనిచ్చే రెస్క్యూజిల్లా ఉన్నాయి. ఏది వాడినా దానితో కంప్యూటర్‌ను బూట్ చేయడానికి (లేపడానికి) ఒక పెన్ డ్రైవ్ ముందే తయారు చేసి పెట్టుకోవాలి. కంప్యూటర్ లేవని రోజున ఆ పెన్ డ్రైవ్ తయారు చేయడానికి ఇంకో కంప్యూటర్ కోసం తిరగాల్సి వస్తుంది. క్లోనెజిల్లాతో ఎక్కించేటప్పుడు కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో, అంతకంటే పెద్దగానో ఉండాలి.

ఇమేజ్ ఉంటే రోజువారీ బ్యాకప్ అక్కర్లేదా అంటే, కావాలి. ఇమేజ్‌ను మూడు నాలుగు నెలలకోసారి తీస్తారు, ఫైళ్లు మారేది రోజూ.

ఇప్పుడు డ్రైవ్

చిన్న 2.5 అంగుళాల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెద్ద ఫైళ్లను సుమారు సెకనుకు 100 ఎంబీ వేగంతో రాస్తుంది. ఆ లెక్కన 500 జీబీకి గంటన్నర లోపే. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే మాత్రం అంతకు ఎన్నో రెట్లు సమయం పడుతుంది. సాటా రకం ఎస్‌ఎస్‌డీ అయితే సెకనుకు 500 ఎంబీ దాకా, ఎన్‌వీఎంఈ రకానిది సరైన పోర్టులో 1000 ఎంబీ దాకా వెళ్తుంది. ఈ అంకెలు చూస్తే ఎస్‌ఎస్‌డీయే మేలనిపిస్తుంది. కానీ బ్యాకప్‌లో మొదటిసారి తప్ప ఆ వేగం పెద్దగా అక్కరకు రాదు. రెండోసారి నుంచి రాసేది మారిన ఫైళ్లనే కదా. హార్డ్ డిస్క్‌తో అది వెనక నడుస్తుంటే మనకు తెలియను కూడా తెలియదు.

ఎస్‌ఎస్‌డీకి అసలైన లాభం దెబ్బలకు తట్టుకోవడం. లోపల తిరిగే పళ్లెం లేదు, కాబట్టి బ్యాగులో వేసుకుని రోజూ తిరిగేవాళ్లు దాన్నే తీసుకోవాలి. హార్డ్ డిస్క్ తిరుగుతుండగా బల్ల మీంచి కింద పడితే చాలు, పోవచ్చు. మరోవైపు, బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా ఉంచడానికి ఎస్‌ఎస్‌డీ మంచిది కాదు. అందులో డేటా విద్యుదావేశం రూపంలో ఉంటుంది, అది నెమ్మదిగా తగ్గుతుంది. బాగా వాడి అరిగిన డ్రైవ్‌లో, వేడి ఎక్కువున్న చోట ఇంకా త్వరగా తగ్గుతుంది. చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ అనే సంస్థ ప్రమాణం ప్రకారం మామూలు ఎస్‌ఎస్‌డీ తన రాతల పరిమితి అయిపోయాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటాను నిలపాలి. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది. అయినా దాచిపెట్టడానికే కొంటున్నట్టయితే హార్డ్ డిస్క్ వైపే నేను మొగ్గుతాను.

పెన్ డ్రైవ్‌ను బ్యాకప్‌కు వాడకండి. ఫైల్‌ను ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మోయడానికి అది బాగుంటుంది, అంతే.

నా ఓటు ఇది: ఒక ఎస్‌ఎస్‌డీకి పెట్టే డబ్బులో రెండు హార్డ్ డిస్కులు వస్తుంటే, రెండు హార్డ్ డిస్కులే తీసుకోండి. వేగం కంటే రెండో కాపీ విలువ ఎక్కువ.

సైజు విషయంలో, టైమ్ మెషీన్ కోసం మ్యాక్ స్టోరేజికి కనీసం రెట్టింపు ఉండాలని యాపిల్ చెప్తుంది. విండోస్‌కూ అదే లెక్క పెట్టుకోవచ్చు. 1 టీబీ డ్రైవ్ తగిలిస్తే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. డ్రైవ్‌లో లోపమేమో అని టెన్షన్ పడొద్దు, కంపెనీలు వెయ్యి చొప్పున లెక్కపెడితే విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. కేబుల్, పోర్టు కూడా చూసుకోండి. యూఎస్‌బీ 2.0 పోర్టులో ఏ డ్రైవ్ పెట్టినా సెకనుకు 35 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది, అదే 500 జీబీకి నాలుగు గంటలు పడుతుంది.

ఫార్మాట్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే తీరు): విండోస్‌లోనే వాడితే ఎన్‌టీఎఫ్‌ఎస్, టైమ్ మెషీన్‌కైతే ఏపీఎఫ్‌ఎస్, రెండు రకాల కంప్యూటర్ల మధ్యా ఫైళ్లు మోయాలంటే ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32 వద్దు, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను మ్యాక్ చదువుతుంది గానీ మామూలుగా రాయలేదు. ఎక్స్‌ఫ్యాట్ అన్నిచోట్లా పనిచేసినా, కాపీ మధ్యలో వైరు ఊడితే ఫైళ్ల జాబితా చెడే అవకాశం ఎక్కువ. అందుకే బ్యాకప్ డ్రైవ్‌ను బ్యాకప్‌కే ఉంచి, ఫైళ్లు మోయడానికి వేరేది వాడటం మేలు. ఫార్మాట్ మారిస్తే అందులో ఉన్నదంతా పోతుందన్నది మర్చిపోవద్దు.

ఒక డ్రైవా, రెండా

ఎప్పుడూ తగిలించి ఉంచితే బ్యాకప్ దానంతటదే నడుస్తుంది. కానీ రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డ్రైవ్‌లోని ఫైళ్లకూ తాళం వేస్తుంది. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వాన్నక్రై కూడా కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డ్రైవ్‌లను వదల్లేదు. తీసి పక్కన పెడితే ఆ భయం లేదు, కానీ బ్యాకప్ చేయడం మర్చిపోతాం. ఒక్క డ్రైవ్‌తో ఈ రెండూ కుదరవు. రెండుంటే కుదురుతాయి: ఒకటి బల్ల మీద తగిలించి ఉంటుంది, రెండోది వారానికో, నెలకో ఒకసారి తెచ్చి బ్యాకప్ చేసి వేరే చోట పెడతారు. వేరే చోట అంటే ఇంకో గది కాదు, వీలైతే ఇంకో ఇల్లు. దొంగతనం, అగ్నిప్రమాదం జరిగితే కంప్యూటర్, పక్కనున్న డ్రైవ్ కలిసే పోతాయి. రెండో డ్రైవ్ కొనే వీలు లేకపోతే, ఉన్న ఒక్కదాన్నే రోజూ సాయంత్రం కాసేపు తగిలించి తీసేయండి. అన్నిటికంటే ముఖ్యమైన కొద్ది ఫైళ్లను క్లౌడ్‌లో కూడా ఉంచండి.

బయట పెట్టే డ్రైవ్‌కు పాస్‌వర్డ్ తాళం అవసరమే. మ్యాక్‌లో టైమ్ మెషీన్ డ్రైవ్‌ను ఎంచుకునేటప్పుడే ఎన్‌క్రిప్ట్ చేయమనవచ్చు. విండోస్ ప్రో వెర్షన్‌లో బిట్‌లాకర్ ఉంది. హోమ్ వెర్షన్ అలా తాళం వేసిన డ్రైవ్‌ను తెరవగలదు గానీ కొత్తగా వేయలేదు, వాళ్లు వెరాక్రిప్ట్ వాడుకోవచ్చు. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని ఆ కంప్యూటర్‌లోనే దాచుకుంటే ప్రయోజనం లేదు. కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి. పాస్‌వర్డూ, కీ రెండూ పోతే ఆ డ్రైవ్‌ను ఎవరూ తెరవలేరు.

రిస్టోర్ చేసి చూడనిదాన్ని బ్యాకప్ అనుకోవద్దు

ఇది అందరూ దాటవేసే భాగం. చేయడానికి పావుగంట కూడా పట్టదు. డెస్క్‌టాప్ మీద ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టండి. బ్యాకప్‌లోంచి ఒక ఫోటో, ఒక పెద్ద వీడియో, పోయిన వారం మార్చిన ఒక డాక్యుమెంట్ పాత వెర్షన్ ఆ ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేయండి. ఫైల్ హిస్టరీలో వేరే చోటికి రిస్టోర్ చేసే ఆప్షన్ ఉంది, దాన్నే వాడండి. లేకపోతే ఇప్పుడున్న ఫైల్ మీద పాతది పడిపోతుంది. వచ్చినవాటిని తెరిచి చూడండి. పేరు కనిపించడం వేరు, ఫైల్ తెరుచుకోవడం వేరు. వీడియో చివరిదాకా ఆడుతుందో లేదో కూడా చూడండి. ఇమేజ్ వాడేవాళ్లు కనీసం ఆ పెన్ డ్రైవ్‌తో కంప్యూటర్ బూట్ అవుతుందా, అక్కడి నుంచి ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కనిపిస్తోందా అన్నది చూసుకోవాలి.

నిజంగా రిస్టోర్ అవసరమైన రోజున తొందరపడకండి. వైరస్ అనుమానం ఉంటే ఆ కంప్యూటర్‌కు బ్యాకప్ డ్రైవ్ తగిలించనే వద్దు. ముందు డిస్క్ చెరిపి సిస్టమ్ కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి, అప్‌డేట్లు వేయండి, ఆ తర్వాతే డ్రైవ్. ఫైల్ హిస్టరీ అయితే కొత్త విండోస్‌లో అదే డ్రైవ్‌ను ఎంచుకుని, అందులోని పాత బ్యాకప్‌ను వాడతానని చెప్పాలి. అప్పుడు పాత జాబితా మొత్తం కనిపిస్తుంది. ఫైళ్లను డ్రైవ్‌లోంచి కట్ చేయకండి, కాపీ చేయండి. కావాల్సినవన్నీ వచ్చాయని, తెరుచుకుంటున్నాయని తేలేదాకా ఆ డ్రైవ్ మీద కొత్త మిర్రర్ గానీ, కొత్త ఇమేజ్ గానీ మొదలుపెట్టకండి. రెండో డ్రైవ్ ఉంటే దాన్ని అప్పటిదాకా ఉన్నచోటి నుంచి కదపకండి.